సీత పంపితే ‘హా’ వచ్చింది: మోర్స్ అందుకోలేకపోయిన పిల్లల కేస్ స్టడీ

దూరానికి కబురు పంపే మోర్స్ లాంటి సంకేతాల గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మనలో ఎక్కువమంది పంపడమే నేర్పుతాం. ఏ అక్షరానికి ఎన్ని చుక్కలు (పొట్టి చప్పుళ్లు), ఎన్ని గీతలు (పొడుగు చప్పుళ్లు), మీట ఎలా నొక్కాలి అన్నదాంతో పాఠం అయిపోతుంది. అందుకోవడం దానంతటదే వస్తుందనుకుంటాం. రాదు. ఆ రాకపోవడానికి కారణం వెతుక్కుంటూ వెళ్తే సంకేతం అంటే ఏమిటో పిల్లలకే కాదు, నేర్పేవాళ్లకూ ఇంకా బాగా అర్థమవుతుంది. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం అదే.

నేపథ్యం

తీరప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఆటస్థలానికి ఇటు పాత భవనం, అటు కొత్త భవనం. సాయంత్రం బడి వదిలాక ఆరు, ఏడు తరగతుల పిల్లలతో సైన్స్ క్లబ్బు నడుస్తుంది. నేను అక్కడ భౌతికశాస్త్రం చెబుతాను. అభిరుచి కొద్దీ రేడియోలో కబుర్లు పంపుకునే అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉండటంతో మోర్స్ చెవికి అలవాటే. బడిని, ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఇద్దరు పిల్లలకు మారుపేర్లు పెట్టాను: అమ్ములు, చిన్నా.

ఈ అంశం ఎంచుకోవడానికి కారణం ఫోను. ప్రతి ఇంట్లో ఉంది, ప్రతి పిల్లకూ వాడటం వచ్చు. కబురు ఎలా వెళ్తుందని అడిగితే మాత్రం “టవర్ నుంచి టీచర్” అన్న జవాబు దగ్గర ఆగిపోతుంది. ఫోను లోపల జరిగేది కంటికి అందనంత వేగంగా జరుగుతుంది. అదే పనిని చేత్తో చేసి, చెవితో విని, తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోగలిగేంత నెమ్మదిగా చేసి చూపించేది టెలిగ్రాఫు ఒక్కటే.

మొదటి పాఠం బాగానే సాగింది. పిల్లల్ని వరసగా నిలబెట్టి, మొదటి పాప చెవిలో ఒక పొడుగాటి వాక్యం చెప్పాను. చెవి నుంచి చెవికి నడిచి చివరికి చేరేసరికి ఆ వాక్యం పూర్తిగా వేరే సంగతైపోయింది, అందరూ నవ్వుకున్నారు. తర్వాత అదే వరసలో మాట లేకుండా చెయ్యి నొక్కి కబురు పంపమన్నాను. ఒక నొక్కు అంటే వాన, రెండంటే ఎండ, మూడంటే బడికి సెలవు. ఇది చివరిదాకా చెక్కుచెదరకుండా వెళ్లింది. ఎందుకని అడిగితే చిన్నానే చెప్పాడు: “నొక్కితే నొక్కినట్టు, లేకపోతే లేదు. అందులో తప్పు వినడానికి ఏముంది టీచర్?” దూరానికి సంకేతం ఎందుకు పనికొస్తుందో చెప్పే మాట అది. గొంతు ఎన్నో రకాలుగా పాడవుతుంది. ‘ఉంది’, ‘లేదు’ అన్న రెండింటిలో ఏదో తేల్చుకుంటే చాలు అన్నప్పుడు, సగం బలహీనపడ్డ సంకేతాన్ని కూడా మధ్యలో ఉన్న మనిషి ‘ఉంది’ అని గుర్తించి, తన సొంత బలంతో మళ్లీ కొత్తగా పంపగలడు. పాత టెలిగ్రాఫు తీగల మధ్యలో పెట్టిన రిలే చేసింది ఈ పనే.

నొక్కుల లెక్కతో ఒక చిక్కు ఉంది. ముందు అనుకున్న కబుర్లే పంపగలం. మన టెలిగ్రాముల్లో శుభాకాంక్షలకు అంకెలు ఉండేవి. పెళ్లికి ఒక నంబరు, పండక్కి ఒక నంబరు. తీగ మీద అంకె మాత్రమే వెళ్లేది, అటువైపు పూర్తి వాక్యం రాసి ఇంటికి తెచ్చి ఇచ్చేవాళ్లు. 2013 జులైలో ఆ సేవ ఆగిపోయింది కాబట్టి ఈ పిల్లల్లో ఎవరూ టెలిగ్రాం చూడలేదు. కథ చెబితే ఆసక్తిగా విన్నారు. “జాబితాలో లేనిది చెప్పాలంటే?” అని ఒక పిల్ల అడిగింది. అక్కడి నుంచి అక్షరాల్లోకి వచ్చాం.

ఎదురైన సమస్య

సామాను పెద్దదేమీ కాదు. చెక్క మీద బిగించిన రేకు ముక్క మీట, 9 వోల్టుల బ్యాటరీ, బజర్, ఆటస్థలం అంచు వెంబడి లాగిన రెండు తీగల వైరు. ఇంగ్లీషు అక్షరాల మోర్స్ పట్టిక ఇచ్చాను. పిల్లలు ఉత్సాహంగా కంఠతా పట్టారు. అమ్ములు అయితే వెనక నుంచి ముందుకు కూడా అప్పజెప్పేది.

పాత భవనం నుంచి చిన్నా ‘సీత’ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో పంపాడు. ఎస్, ఐ, టి, ఎ. కొత్త భవనంలో అమ్ములు రాసుకున్న కాగితం మీద ఉన్నవి మూడే అక్షరాలు: హెచ్, ఎ, ఎ. ‘సీత’ బయల్దేరితే ‘హా’ చేరింది. తర్వాత ‘రామ’ను ఆర్, ఎ, ఎం, ఎ అని పంపితే ఎల్, ఓ, ఎ అయింది.

కాగితం తీసుకుని చూశాను. ఆమె రాసుకున్న చుక్కలు, గీతలు ఒక్కటి కూడా తప్పు కాదు. ‘సీత’లో ఎస్‌కు మూడు చుక్కలు, ఐకి రెండు, టికి ఒక గీత, ఎకు ఒక చుక్క, ఒక గీత. అన్నీ వరసగా పెడితే అయిదు చుక్కలు, గీత, చుక్క, గీత. అమ్ములు మొదటి నాలుగు చుక్కల్ని కలిపి హెచ్ అనుకుంది. మిగిలినవి చుక్క-గీత, చుక్క-గీత. అంటే ఎ, ఎ. ఆమె కోణం నుంచి అది నూటికి నూరు పాళ్లూ సరైన సమాధానం.

ఇక్కడ తొందరపడకుండా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. తప్పు యంత్రానిదా, పంపే చేతిదా, వినే చెవిదా? బజర్ గణగణమంటూనే ఉంది, అది యంత్రం కాదు. చిన్నా చెయ్యి అక్షరాల మధ్య సరిగా ఆగడం లేదన్నది కనిపిస్తూనే ఉంది. కానీ అదొక్కటే కారణమైతే చేతిని దిద్దితే సరిపోవాలి. అందుకని చేతిని పక్కన పెట్టి, కాలం కచ్చితంగా పాటించే ఫోను యాప్ నుంచి అవే పేర్లు వినిపించాను. అమ్ములు మళ్లీ చుక్కలూ గీతలూ అన్నీ సరిగ్గా రాసింది, అక్షరాలు మళ్లీ కలిసిపోయాయి. క్లబ్బులో మిగతావాళ్లదీ అదే పరిస్థితి. కాబట్టి చిక్కు చేతిలోనూ ఉంది, చెవిలోనూ ఉంది. రెండింటికీ మూలం ఒకటే: వాళ్ల దృష్టిలో సంకేతం అంటే చప్పుడు. చప్పుడు లేని చోట ఏమీ లేదు.

మోర్స్‌లో ఖాళీలకూ కొలతలున్నాయి. చుక్క ఒక పాలు అయితే గీత మూడు పాళ్లు. ఒకే అక్షరం లోపల ముక్కకూ ముక్కకూ మధ్య ఒక పాలు నిశ్శబ్దం, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకూ మాటకూ మధ్య ఏడు. పట్టికలో అచ్చయ్యేవి చుక్కలూ గీతలే కాబట్టి ఖాళీల కొలత ఎవరి కంటా పడదు.

ఏం ప్రయత్నించాం, ఏది నిలబడలేదు

మొదట పట్టికనే మెరుగుపరిచాం. అక్షరాల మధ్య ఖాళీని ఎర్ర గీతతో చూపించే పెద్ద చార్టు గోడకు కట్టాం. పిల్లలు చదివి నేర్చుకోవడానికి అలవాటుపడ్డవాళ్లు, కంటికి కనిపిస్తే చెవికీ వినిపిస్తుందన్నది ఆలోచన. పంపడం కొంత బాగుపడింది. వినడం బాగుపడలేదు. చప్పుడు విని, దాన్ని చుక్కగీతలుగా మార్చి, కళ్లతో చార్టులో వెతికి, అక్షరం పట్టుకునేలోపు తర్వాతి అక్షరం వెళ్లిపోతోంది. చార్టు ఎంత అందంగా ఉంటే అంత ఎక్కువసేపు దానివైపే చూస్తున్నారు.

ఈ సందర్భంలో నాకు టెలిగ్రాఫు చరిత్ర గుర్తొచ్చింది. 1844 మే 24న శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు, సుమారు 60 కిలోమీటర్ల దూరం, కబురు పంపినప్పుడు అందుకునే యంత్రం కాగితపు పట్టీ మీద గుర్తులు వేసేది. మనిషి ఆ పట్టీని చూసి చదవాలి. కొన్నాళ్లకు ఆపరేటర్లు పట్టీ వైపు చూడటం మానేశారు, యంత్రం చేసే టకటకలోనే అక్షరాలు వాళ్లకు వినిపించసాగాయి. చివరికి పట్టీ లేకుండా చప్పుడు మాత్రమే చేసే సౌండర్ వచ్చింది. సౌండర్‌లో పొడుగు చప్పుడు, పొట్టి చప్పుడు అని ఉండవు. మీట నొక్కినప్పుడొక టక్కు, వదిలినప్పుడొక టక్కు. రెండు టక్కుల మధ్య ఎంత వ్యవధి ఉందన్నదే చుక్కా గీతా తేలుస్తుంది. అంటే అక్కడ నిశ్శబ్దాన్ని కొలవడమే చదవడం.

రెండో ప్రయత్నం వేగం తగ్గించడం. అర్థం కానిది మెల్లగా చెప్పాలన్నది ప్రతి టీచరుకూ చేతికొచ్చిన పద్ధతి. నిమిషానికి 5 మాటల వేగంలో చుక్క 240 మిల్లీసెకన్లు, గీత 720. పిల్లలు ఇంకా తగ్గించి, ఒక్కో చుక్కకు అరసెకను పైనే తీసుకున్నారు. అప్పుడు కొత్త ఇబ్బంది మొదలైంది. అంత నెమ్మదిలో అక్షరానికి ఒక ఆకారం అంటూ ఉండదు. విన్నది విడివిడి మోతలే. వాటిని లెక్కపెట్టాలి, లెక్కపెడుతూ మధ్యలో ఖాళీని కూడా కొలవాలి, అదే సమయంలో ముందు విన్నది గుర్తుంచుకోవాలి. మెల్లగా పంపేకొద్దీ చదవడం కష్టమైంది. పైగా లెక్కపెట్టి వినడం ఒకసారి అలవాటైతే తర్వాత వేగం పెంచినప్పుడు అదే అడ్డంపడుతుంది. దీన్ని త్వరగానే ఆపేశాం.

మూడోది దీపం. చెవికి బదులు కన్ను వాడదామని పిల్లలే అడిగారు. తీరంలో ఉన్నవాళ్లకు దీపస్తంభం తెలిసిందే. ప్రతి దీపస్తంభానికీ తనదైన వెలుగు-చీకటి వరస ఉంటుందని, నావికులు దాన్ని బట్టి అది ఏ దీపమో పోల్చుకుంటారని చెప్పాక వాళ్ల ఉత్సాహం ఇంకా పెరిగింది. పాత టార్చి బల్బుతో మొదలుపెట్టారు. అవతలి భవనంలో ఉన్నవాళ్లకు గీత తప్ప చుక్కలు కనిపించలేదు. ఫిలమెంటు బల్బు వేడెక్కడానికీ చల్లారడానికీ కొంత సమయం తీసుకుంటుంది, రెండు చుక్కల మధ్య చిన్న చీకటి పడేలోపే మళ్లీ వెలిగిపోతోంది. ఎల్‌ఈడీ పెడితే ఆ ఇబ్బంది పోయింది. అయినా వేగం విషయంలో కన్ను చెవికి సాటి రాలేదు.

దీపం అనుకున్న పని చేయలేదు గాని, క్లబ్బుకు ఒక పాఠం దొరికింది. ఖాళీ పూడుకుపోతే కబురు చచ్చిపోతుంది. 1858 ఆగస్టులో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి కేబుల్‌కు వచ్చిన జబ్బు ఇదే. ఇటు చివర కచ్చితంగా నొక్కి వదిలిన సంకేతం అటు చేరేసరికి సాగిపోయి, వెనకొచ్చే సంకేతంలో కలిసిపోయేది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం దాటడానికి దాదాపు 16 గంటలు పట్టింది. సంకేతం త్వరగా పోదని కాదు, ఒకటి పూర్తిగా సద్దుమణిగేదాకా ఇంకొకటి పంపడానికి లేదు. ఆ కేబుల్ కొద్ది వారాల్లోనే పాడైపోయింది. 1866లో వేసిన కేబుల్ మాత్రం నిలిచింది. ఈ కథ చెబుతున్నప్పుడు అమ్ములు, “అంటే మా బల్బు లాగే సముద్రం కూడా చల్లారలేదన్నమాట” అంది. భౌతికశాస్త్రం ప్రకారం రెండూ ఒకటి కావు. కేబుల్‌లో జరిగేది విద్యుదావేశం నిండడం, ఖాళీ కావడం. ఆ తేడా చెప్పాను, కానీ ఆమె పట్టుకున్న పోలిక మాత్రం సరైనది.

అప్పటికి ఒక విషయం ఖాయమైంది. అక్షరాన్ని ముక్కలుగా కాకుండా ఒకే మోతగా వినిపించాలి, ఖాళీని విడిగా, స్పష్టంగా అనుభవంలోకి తేవాలి. దానికి దారి తెలుగు తరగతిలో కనిపించింది.

ఏది పనిచేసింది

పక్క గదిలో తెలుగు మాస్టారు పెద్ద తరగతికి ఛందస్సు చెబుతున్నారు. పిల్లలు లఘువుకొక చరుపు, గురువుకొక సాగదీత పెట్టి గణాలు పలుకుతున్నారు. మూడక్షరాల గణాలు ఎనిమిది. లఘువు, గురువు అన్న రెండు గుర్తుల్ని మూడు చోట్ల ఎన్ని రకాలుగా పేర్చవచ్చో అన్నీ అందులో ఉన్నాయి. మోర్స్‌లో సరిగ్గా మూడు ముక్కలున్న అక్షరాలు కూడా ఎనిమిదే. లఘువును చుక్కగా, గురువును గీతగా తీసుకుంటే న గణం ఎస్, మ గణం ఓ, భ గణం డి, ర గణం కె, జ గణం ఆర్, స గణం యు, య గణం డబ్ల్యు, త గణం జి. ఒక్కటి కూడా మిగలదు, ఒక్కటి కూడా తగ్గదు. ఒకప్పుడు సముద్రంలో ఆపదలో ఉన్న ఓడ పంపే ఎస్ ఓ ఎస్ అంటే మన లెక్కలో న, మ, న గణాలు.

మాస్టారిని మా క్లబ్బుకు పిలిచాను. ఆయన ఒక సాయంత్రం పిల్లలతో ‘పలక’, ‘రాముడు’, ‘పడవే’, ‘శ్రీరామా’ అని లయగా పలికించారు. ‘పలక’ అన్నప్పుడు ఎవరూ ప, ల, క అని లెక్కపెట్టరు. మాట మొత్తం ఒకే ఊపులో వస్తుంది. ఎస్ కూడా అలాగే రావాలి.

ఇక్కడ ఆగి ఆలోచించాను. ఈ మాటల్నే గుర్తుగా పెట్టుకుంటే నేర్చుకోవడం తేలిక, కానీ తర్వాత చప్పుడు విని, మాట గుర్తు తెచ్చుకుని, దాని నుంచి అక్షరానికి రావాలి. గోడ మీది చార్టు తలలోకి మారుతుందే తప్ప పోదు. మోర్స్ నేర్పే అనుభవజ్ఞులు ఇలాంటి గుర్తుమాటలు వద్దనడానికి కారణం ఇదే. ఇంకో తేడా కూడా ఉంది. గురువు రెండు మాత్రలు, మోర్స్ గీత మూడు పాళ్లు. అందుకని గణాలను ‘అక్షరం ఒక ఊపు’ అన్న సంగతి ఒంటికి పట్టించడానికి మాత్రమే వాడి, వెంటనే బజర్‌కు మారిపోయాం. చుక్క, గీత అన్న మాటలు కూడా మానేసి, రేడియో వాళ్ల లాగా డిట్, డా అన్నాం. ఎస్ అంటే ‘డిడిడిట్’. నోటితో అనగలిగింది చెవి త్వరగా పడుతుంది.

ఖాళీలకు ఆటస్థలం వాడాం. ఒక్కో పాలుకు ఒక అడుగు. డిట్‌కు చప్పట్లు కొడుతూ ఒక అడుగు, డాకు చేతులు కలిపి ఉంచి మూడడుగులు, అక్షరం లోపల చేతులు విప్పి ఒక అడుగు, అక్షరాల మధ్య మౌనంగా మూడు, మాటల మధ్య మౌనంగా ఏడు. గుంపుగా ‘సీత’ నడిచారు. మౌనంగా నడిచే అడుగులు కూడా నడవాల్సిన అడుగులే అన్నది వాళ్లకు కాళ్లతోనే తెలిసింది. తర్వాత నాలుగు డిట్లు ఇచ్చి, మధ్యలో ఎక్కడ ఆగితే ఏ కబురు అవుతుందో కనుక్కోమన్నాను. ఎక్కడా ఆగకపోతే హెచ్, మధ్యలో ఆగితే ఐ ఐ, మూడింటి తర్వాత ఆగితే ఎస్ ఇ, ఒకదాని తర్వాత ఆగితే ఇ ఎస్. ఇలా వెతుక్కుంటూ మొత్తం ఎనిమిది రకాలు తేల్చారు. చప్పుడు ఒక్కటే, మౌనం చోటు మారితే కబురు మారింది. ఈ కేసంతటిలో పిల్లల ముఖాల్లో వెలుగు చూసింది ఈ లెక్క దగ్గరే.

వినడానికి రెండు పాత పద్ధతులు కలిపాను. 1930లలో జర్మన్ మనస్తత్వవేత్త లుడ్విగ్ కోఖ్ చూపిన దారి ప్రకారం రెండే అక్షరాలతో మొదలుపెట్టాలి, అవి తడుముకోకుండా వచ్చాకే మూడోది చేర్చాలి. ఫార్న్స్‌వర్త్ పద్ధతి ప్రకారం అక్షరాన్ని అసలు వేగంలోనే వినిపించాలి, అక్షరాల మధ్య ఖాళీని మాత్రం సాగదీయాలి. మేము అక్షరాలను నిమిషానికి 15 మాటల వేగంలో పెట్టాం. అప్పుడు డిట్ 80 మిల్లీసెకన్లు, లెక్కపెట్టడానికి అసలు వీలుండదు. ఊపుగా వినక తప్పదు. ఖాళీ పొడుగ్గా ఉంటుంది కాబట్టి రాసుకోవడానికి సమయం దొరుకుతుంది. ‘మెల్లగా’ అన్న ఆలోచన తప్పు కాదు, దాన్ని చప్పుడులో కాక మౌనంలో పెట్టాలి. చార్టు గోడ మీంచి తీసేశాం. అమ్ములుకు ఇది మొదట్లో కష్టంగా ఉంది, కంఠతా పట్టింది పనికిరాకుండా పోయిందని చిన్నబుచ్చుకుంది. పట్టిక అంతగా రాని పిల్లలు ఆమెకంటే ముందే విన్నారు, ఎందుకంటే వాళ్లకు మధ్యలో వెతుక్కోవడానికి ఏమీ లేదు. కొన్ని వారాలకు ఆమె వాళ్లను దాటేసింది. ఇప్పుడు క్లబ్బులో అందరికంటే నమ్మకంగా అందుకునేది ఆమే.

పంపేవాళ్లకు, అందుకునేవాళ్లకు మధ్య మర్యాద కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. తప్పు పంపితే ఎనిమిది డిట్లు. నీ వంతు అంటే కె. అందింది అంటే ఆర్. అందుకున్నది తిరిగి వినిపించేదాకా కబురు చేరినట్టు కాదన్నది పిల్లలే పెట్టుకున్న నియమం. ‘సీత’ ఆటస్థలం దాటి చెక్కుచెదరకుండా చేరి, తిరిగి ‘సీత’గానే వచ్చింది.

అమ్ములు అడిగిన ప్రశ్న

ఇది నేను అనుకున్న పాఠంలో లేదు. “పద్యంలో గణానికీ గణానికీ మధ్య మనం ఆగం కదా టీచర్, మరి ఎక్కడ విరవాలో ఎలా తెలుస్తోంది?” అని అడిగింది. ఉత్పలమాలలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు. చివరి వ గణం తప్పిస్తే అన్నీ మూడేసి. లెక్క ముందే తెలుసు కాబట్టి ఆగనక్కర్లేదు. మోర్స్‌లో ఇకు ఒకటే, హెచ్‌కు నాలుగు. పొడుగులు వేరువేరు కాబట్టి ఖాళీ లేకుండా విరవలేం. “అయితే మోర్స్‌లో కూడా అన్నీ సమానంగా పెడితే ఖాళీ బాధ ఉండదుగా?”

ఉండదు. మూడేసి పెడితే ఎనిమిదే అక్షరాలు వస్తాయి, అయిదేసి పెడితే 32 వస్తాయి. ఫ్రాన్సులో ఎమిల్ బోదో 1870లలో చేసింది అదే, అందిన కబురును తామే అచ్చువేసే తర్వాతి టెలిప్రింటర్లు ఆ దారిన నడిచాయి. దాని ధర కూడా చెప్పాను: ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ఇ అక్షరానికి మోర్స్‌లో ఒక్క డిట్ సరిపోతుంది, సమానపు పద్ధతిలో దానికీ అయిదు కావాలి. మనిషి చెవికి మోర్స్ బాగుంటుంది, యంత్రానికి సమానపు పొడుగు బాగుంటుంది. ఇప్పుడు ఫోను చేసేదీ సున్నాలు, ఒకట్ల వరసలు పంపడమే. ఇంగ్లీషులో ఎస్ఎంఎస్ రాస్తే 160 అక్షరాలు, తెలుగులో రాస్తే 70తోనే నిండిపోవడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. అక్కడ ఇంగ్లీషు అక్షరానికి సున్నా, ఒకటి పెట్టే 7 చోట్లు చాలు, తెలుగు గుర్తుకు 16 కావాలి. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పడానికి పిల్లలందరూ ఇది నోట్సులో రాసుకున్నారు.

ఆ వెంటనే తెలుగుకు సొంత సంకేతం తయారుచేస్తామన్నారు. మోర్స్‌లో నాలుగు ముక్కల దాకా ఉన్నవి 30 వరసలు, ఇంగ్లీషు 26 అందులో పట్టేస్తుంది. మన 56 అక్షరాలకు అయిదు ముక్కల దాకా వెళ్లాలి, అప్పుడు 62 వస్తాయి. చిన్నా గుణింతాలు తెచ్చి పెట్టాడు: కా, కి, కీ, ఒత్తులు, అవన్నీ ఎక్కడ పెడతాం? గుణింతానికి విడిగా సంకేతం ఇవ్వకుండా హల్లు పంపి, వెనకే అచ్చు పంపాలన్నది అమ్ములు సూచన. హల్లు వెనక ఏమీ రాకపోతే అందులో అ ఉన్నట్టే అనుకోవాలి. పొల్లు కావాలంటే దానికొక గుర్తు. కంప్యూటర్‌లో తెలుగు దాచే యూనికోడ్ పద్ధతి కూడా దాదాపు ఇలాంటిదేనని నేను చివర్లో చెప్పాను, ముందే చెబితే వాళ్ల ఆలోచన ఆగిపోతుంది. ఏ అక్షరానికి పొట్టి సంకేతం ఇవ్వాలో తేల్చడానికి తెలుగు వాచకంలో కొన్ని పేజీలు తీసుకుని అక్షరాలు లెక్కపెట్టారు. అక్కడ రెండు జట్లు పడ్డాయి. ఎక్కువసార్లు వచ్చేదానికి పొట్టిది అని ఒక జట్టు, క-ఖ, గ-ఘ లాంటి జతలు ఒకే పోలికలో ఉంటే నేర్చుకోవడం తేలిక అని ఇంకో జట్టు. రెండు వాదాలూ బలమైనవే. నేను తీర్పు చెప్పలేదు. రెండు పట్టికలతోనూ అదే పద్యం పంపి, ఏది త్వరగా, తప్పుల్లేకుండా చేరుతుందో చూడమన్నాను. ఆ పోటీ ఇంకా నడుస్తోంది.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు

వచ్చే ఏడాది కొత్త జట్టుతో మొదలుపెట్టినప్పుడు మీటను మొదటి రోజే చేతికివ్వను. ముందు వినడం, నడవడం, తర్వాతే మీట. చెవికి తెలియని ఖాళీని చెయ్యి ఇవ్వలేదు. పిల్లలు మీట కోసం గోల చేస్తారు, దానికి సిద్ధపడాలి. పంపడం తెలిసిన పిల్లల్ని బాగా చదివేవాళ్లుగా, అందుకోలేనివాళ్లను వెనకబడ్డవాళ్లుగా లెక్కకట్టడం కూడా ఈ విషయంలో చెల్లదు. అమ్ములు కాగితం మీది ‘హా’ను ఎర్ర సిరాతో కొట్టేసి ఉంటే, దాని వెనకున్న తర్కం ఎవరికీ తెలిసేది కాదు.

అందరికీ చెవి దారి కుదరదు. ఈ క్లబ్బులో వినికిడి తక్కువగా ఉన్న ఒక బాబు ఉన్నాడు. అతనికి ఎల్‌ఈడీ పెట్టాం, వేగం చాలలేదు. పాత ఫోనులోంచి తీసిన వైబ్రేషన్ మోటారును బజర్ స్థానంలో కలిపి, దాని మీద వేలు పెట్టి చూడమంటే ఊపు వెంటనే పట్టుకున్నాడు. కానీ ఆ మోటారు కూడా టార్చి బల్బు లాగా ఆగడానికి కొంచెం సమయం తీసుకుంటుంది, చిన్న ఖాళీలు పూడిపోతున్నాయి. ప్రస్తుతానికి అతని కోసం అక్షరం లోపలి ఖాళీలను కాస్త పెంచి పంపుతున్నారు. త్వరగా ఆగే మోటారు కోసం చూస్తున్నాం.

సామాను కొనేవాళ్లకు రెండు మాటలు. బ్యాటరీ తగిలించగానే తానే మోగే బజర్ అడగండి, దుకాణంలో ‘యాక్టివ్ బజర్’ అంటే ఇస్తారు. రెండో రకానికి విడిగా మోత పుట్టించే ఆసిలేటర్ సర్క్యూట్ కావాలి. వైరు, దీపం, బజర్‌తో బడి ఆవరణలో పంపుకోవచ్చు గాని, రేడియో తరంగాల మీద పంపడానికి మాత్రం కేంద్ర ప్రభుత్వపు వైర్‌లెస్ విభాగం ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. వినడానికైతే, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో లాంటి చోట్లో, మీ ఊళ్లో లైసెన్సు ఉన్న హామ్ (అమెచ్యూర్ రేడియో నడిపే వ్యక్తి) ఇంట్లోనో పిల్లల్ని రిసీవర్ ముందు కూర్చోబెట్టండి. ఎక్కడో పంపిన మోర్స్ నేరుగా చెవిన పడుతుంటే అందులోంచి ఒక్క అక్షరం పట్టుకున్నా, వాళ్లు మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తారని అడుగుతూనే ఉంటారు.